నెగటివ్ అంచున రెండు గాట్లు

ఫోన్ చేసిన గొంతు మగదో ఆడదో చెప్పలేమన్నారు. నోటికి మందపాటి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుందట. చెప్పింది కూడా రెండే ముక్కలు.

"ఆ పడవ షాట్ తీసింది ఆయన కాదు. నెగటివ్ అంచు చూడండి."

అంతే, పెట్టేశారు. అవార్డుల కమిటీ ఆఫీసులో ఉన్నది నంబరు చూపించని పాత ఫోను. ఎవరు చేశారో, ఎక్కణ్ణించి చేశారో తెలిసే దారి లేదు.

ఆ 'ఆయన' మా బావ. ఆ నెగటివ్ ఉన్నది నా బీరువాలో.

నేను ఫిల్మ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కడిగి ఆరబెట్టిన నెగటివ్ మొదట నా బల్ల మీదికే వస్తుంది. తెల్లటి నూలు చేతొడుగులు వేసుకుని, కింద దీపం వెలిగే గాజు బల్ల మీద దాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ గీతలు పడ్డాయా, దుమ్ముందా, అతుకు ఊడిందా అని చూడటం నా పని. నెగటివ్‌లో తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా కనిపిస్తుంది. అలా చూసీ చూసీ నాకు మనుషుల్ని కూడా తిరగేసి చూడటం అలవాటైందని మా అమ్మ అంటుంది. నిజమే కాబోలు. ఆ అవార్డుల కాలమంతా నేను ఇంట్లోవాళ్ళని అలాగే చూశాను.

"మీ బావగారి గురించి నిన్ను అడగకూడదు గానీ," అన్నాడు మా ల్యాబ్ మేనేజరు నా గది తలుపు దగ్గరగా వేసి, "అంచులో ఏముంటుందమ్మా?"

"ఏముంటాయండీ, చిల్లులుంటాయి."

"నవ్వులాట కాదు. వచ్చే వారం కమిటీ వాళ్ళు ఇక్కడికే వస్తున్నారు. డబ్బా వాళ్ళ ముందే తెరవాలట. ఈలోగా నువ్వొకసారి చూసిపెట్టు. ఆ రోజు మనం తెల్లమొహం వేయకూడదు."

సినిమాలన్నీ ఫిల్మ్ వదిలేసి మెమరీ చిప్పుల్లోకి మారిపోయాక ల్యాబులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాది ఎలాగో ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఈమధ్య కొందరు డైరెక్టర్లకు మళ్ళీ ఫిల్మ్ మీద మనసు మళ్ళింది. అందుకే ఆ ఏడాది కమిటీ కొత్తగా ఒక అవార్డు పెట్టింది. అది సినిమాకి కాదు, ఫిల్మ్ మీద తీసిన ఒకే ఒక్క షాట్‌కి. తెర మీద కెమెరామన్‌గా పేరు పడ్డవాడికి కూడా కాదు, ఆ షాట్ నడిచినంతసేపూ కెమెరాకి కన్ను ఆనించి ఉన్న మనిషికి.

బావ తీసిన పడవ షాట్ గురించి అప్పటికే ఊరంతా మాట్లాడుకుంటోంది. పొగమంచులో ఒక ముసలావిడ చనిపోయిన మొగుడి పడవను ఒంటరిగా నీళ్ళలోకి నడుపుకుంటూ వెళ్తుంది. కెమెరా తెప్ప మీద ఆమె వెనకే వెళ్తుంది. ఎక్కడా కట్ లేదు. పడవ మసకబారుతుంది, ఆవిడ భుజాలు మసకబారతాయి, చివరికి తెరంతా తెలుపు. తెడ్డు చప్పుడొక్కటే మిగులుతుంది. డైరెక్టరే దాన్ని బావ పేరు మీద అవార్డుకి పంపాడు. తుది జాబితాలోకి వచ్చింది. మా ఇంటికి టీవీ వాళ్ళు రావడం మొదలైంది.

మేనేజరు వెళ్ళాక డబ్బా తీశాను. షాట్ ఎక్కడ మొదలవుతుందో పట్టుకుని, భూతద్దం ఆనించి, బొమ్మ వదిలేసి అంచు చూశాను.

కెమెరా లోపల ఫిల్మ్ మీద వెలుగు పడే చోట ఒక చిన్న ఇనుప కిటికీ ఉంటుంది. దాన్ని గేటు అంటారు. మా బావ తన కెమెరాల గేటు అంచులో సన్నటి ఆకురాయితో గాటు పెడతాడు. ఆ గాటు నెగటివ్ మీద బొమ్మ పక్కన చిన్న బొడిపెలా పడుతుంది. తెర మీదికి రాదు, ప్రేక్షకుడి కంట పడదు. ఫిల్మ్ మీద ఎప్పుడైనా గీత పడితే ఏ కెమెరా గీసిందో తెలుసుకోవడానికి ఆ గుర్తు. గీత లేకపోతే అటువైపు చూసే పనే లేదు. పడవ షాట్ మీద గీత లేదు, అందుకే మొదటిసారి నేను చూడలేదు.

బావకి సొంత కెమెరాలు రెండు. పెద్దదానికి ఒక గాటు. చిన్నదానికి రెండు.

పడవ షాట్ అంచున రెండు గాట్లున్నాయి.

చేతొడుగుతో తుడిచి మళ్ళీ చూశాను. పదడుగులు ముందుకి తిప్పి చూశాను. రెండే. చిన్న కెమెరా చూపుగొట్టం ఎడమకన్నుతో చూసేవాళ్ళకి వీలుగా అమర్చింది. మా బావది కుడికన్ను. దాన్ని వాడటమంటే ఎడమచేత్తో సంతకం పెట్టినట్టుంటుందని ముట్టుకునేవాడు కాడు. దాన్ని నడిపేది ఆయన సహాయకుడు. వాన వస్తే తాను తడుస్తూ కెమెరాకి గొడుగు పడతాడని అందరూ అతన్ని గొడుగు అనే పిలిచేవాళ్ళు. పైగా టీవీ వాళ్ళు అడిగినప్పుడల్లా మా ఇంట్లో ఒకటే జవాబు: "ఆ రోజు చిన్న కెమెరా లేనే లేదు. మెకానిక్ దగ్గరుంది."

లేని కెమెరా గుర్తు నా బల్ల మీద ఉంది. డబ్బా మూసి, బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. నా మొదటి అనుమానం చాలా మామూలుది. గొడుగు తీశాడు, బావ మింగాడు.

మా ఇంట్లో మేం నలుగురం. అక్కా బావా, నేను, అమ్మ. అక్క పెళ్ళికి ముందు కెమెరా అసిస్టెంటు. పెళ్ళయ్యాక కూడా బావ షూటింగులకు వెళ్ళి ఫిల్మ్ ఎక్కించేది, ఫోకస్ పట్టేది. పేర్ల జాబితాలో కనిపించేది కాదు. మా ఫ్రిజ్‌లో పాలకన్నా ఫిల్మ్ డబ్బాలు ఎక్కువుండేవి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ తన ఫోను చీరకొంగుతో రుద్దుతోంది.

"ఎవరే నా ఫోను వాడుతోంది? దీన్నిండా నల్లటి నూగు. మాట్లాడే చిల్లులో కూడా దూరింది."

"దాంట్లో నువ్వు మాట్లాడినంత ఎవరు మాట్లాడతారే అమ్మా, అరిగి రాలుతోంది," అన్నాడు బావ. మా అమ్మని ఆయన కూడా అమ్మా అనే పిలుస్తాడు.

"అల్లుడుగారికి అవార్డు రాకముందే నోరు వచ్చింది," అంది అమ్మ.

బావ నావైపు తిరిగాడు. "ఏం చేతొడుగుల రాణీ, మొహం ముడుచుకుంది? మీ ల్యాబ్ మునిగిందా?"

"ఇంకా లేదు. కమిటీ వాళ్ళు వస్తున్నారు, పడవ షాట్ నెగటివ్ చూడ్డానికి. ఎవరో ఫోన్ చేశారట."

నేను కళ్ళార్పకుండా చూశాను. బావ మొహంలో భయం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆయన ప్రశాంతంగా కూజా అందుకుని గ్లాసులోకి నీళ్ళు వంపాడు. సగం నీళ్ళు గ్లాసు పక్కన బల్ల మీద పడ్డాయి. అక్క చటుక్కున ఒక చేత్తో కూజా, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుంది.

"ఎవరు ఫోన్ చేసింది?" అంది. అడిగింది నన్ను, చూస్తున్నది తడిసిన బల్లని.

"తెలీదు."

"ఏం చెప్పారు?"

"నెగటివ్ అంచు చూడమన్నారట."

గుడ్డ ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ తుడవసాగింది. "నువ్వు చూశావా?"

"ఇంకా లేదు," అన్నాను. మా అక్కకి నేను అబద్ధం చెప్పడం అదే మొదలు. ఎందుకు చెప్పానో అప్పుడు నాకూ తెలీదు.

ఆ రోజు నుంచి నా కళ్ళకి అన్నీ అనుమానంగానే కనిపించాయి. అక్క ఇదివరకు బావకి ఎదురుగా కూర్చునేది, ఇప్పుడు ఎప్పుడూ కుడిపక్కనే. ఎవరు ఏమడిగినా బావ నోరు తెరిచేలోపు తనే అందుకుంటోంది. బావ ఫోను తన దగ్గరే పెట్టుకుంటోంది, మోగితే మెట్ల మీదికెళ్ళి మాట్లాడుతోంది. పాలకోసం ఫ్రిజ్ తెరిస్తే ఫిల్మ్ డబ్బాల వెనక ఒక చిన్న మందు సీసా కనిపించింది. దాని మీది కాగితం గోళ్ళతో గీకేసి ఉంది. నేను తీసి చూస్తుంటే అక్క వెనకనుంచి లాక్కుంది.

"నాదే. కళ్ళు మండుతున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ప్రశ్నలడగడం మొదలుపెట్టినప్పట్నుంచి."

ఆపై ఆదివారం పత్రికలో బావ ఫోటో పడింది. పెద్ద కెమెరా పక్కన నిలబడి చూపుగొట్టానికి కన్ను ఆనించాడు. అమ్మ దాన్ని కత్తిరించి అద్దానికి అంటించింది. నేను తల దువ్వుకుంటూ చూశాను. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

ఫోటోలో ఆయన ఆనించింది ఎడమకన్ను.

ఇన్నేళ్ళుగా కుడికన్ను చికిలించీ చికిలించీ ఆ కనుబొమ మీద ముడత పడ్డ మనిషి. ఇప్పుడు, ఎడమకంటి కెమెరా గురించి ఎవరో ఫోన్ చేశాక, లోకమంతా చూసేలా ఎడమకన్ను పెట్టాడు. రేపు ఎవరైనా అడిగితే నేను రెండు కళ్ళతోనూ తీస్తానని చెప్పడానికి సాక్ష్యం ముందే సిద్ధం చేసుకుంటున్నాడన్నమాట. నాకు ఆయన మీద మొదటిసారి అసహ్యం లాంటిది వేసింది. ఒకసారి థియేటర్‌లో బొమ్మ కొంచెం మసగ్గా పడిందని ఆట మధ్యలో మేడెక్కి ప్రొజెక్టర్ నడిపేవాడితో కలబడ్డ మనిషి ఈయనే. ఆ పట్టుదలంతా చూసి నేను ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం గొడుగుని వెతుక్కుంటూ వెళ్ళాను. అతను పడవ సినిమా అయిపోగానే బావ దగ్గర మానేసి ఇంకో కెమెరామన్ దగ్గర చేరాడు. ఎండలో నడివీధిలో షూటింగ్. మామూలుగానే కెమెరాకి గొడుగు పట్టి, తను ఎండలో మాడుతూ నిలబడ్డాడు.

"మేడమ్, మీరా? సార్ పంపారా?"

"లేదు, నేనే వచ్చాను. పడవ షాట్ రోజు చిన్న కెమెరా నీ చేతిలో ఉందా?"

అతను గొడుగు ఇంకొకడికిచ్చి పక్కకి వచ్చాడు. "ఎవరు అడగమన్నారు?"

"ఎవరూ కాదు. నాకు తెలియాలి."

"ఆ రోజు నన్ను ఆవలి ఒడ్డుకి పంపారండీ. తెప్పకి తాడు కట్టి లాగడం నా పని. పొగమంచులో నా చేతిలో ఉన్న తాడు తప్ప నాకేం కనిపించలేదు. లాగు అంటే లాగాను, ఆపు అంటే ఆపాను. ఎద్దుకైనా అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది."

"తెప్ప మీద ఎవరున్నారు?"

"సార్, అక్కగారు. మూడో మనిషి ఎక్కితే మునుగుతుంది. డైరెక్టరుగారు కూడా ఒడ్డు మీదే ఉండిపోయారు. ఫిల్మ్ కదండీ, తెర పెట్టుకుని చూడ్డానికి లేదు. కడిగి వచ్చాకే అందరం చూశాం."

"ఫోన్ చేసింది నువ్వేనా?"

అతను నొచ్చుకోలేదు, నవ్వాడు. "నాకు కోపమొస్తే మొహం మీదే అంటాను మేడమ్. అందుకే నాకు ఏ పనీ నిలవదు. సార్ దగ్గర మానేసింది కూడా అలాగే. ఈమధ్య ఆయన నా మాట వినిపించుకోకుండా అన్నీ అక్కగారినే అడుగుతుంటే, నేనెందుకిక్కడ అన్నాను."

"గాట్ల సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఏ గాట్లు?"

"చిన్న కెమెరా గేటు అంచున రెండు గాట్లుంటాయి కదా."

"అవా? గేటు అరిగిపోయిందనుకున్నానండీ. తుడిచినప్పుడల్లా మెకానిక్‌కి చూపిద్దామనుకోవడం, మర్చిపోవడం."

నటించేవాడు ఆ మాట అనలేడు. ఇంటికి నడుస్తూ లెక్కచూసుకున్నాను. గాట్లు పెట్టింది బావ. భోజనాల బల్ల మీద గేటు కదలకుండా పట్టుకున్నది అక్క. చదివేది నేను. అంచు చూడమని చెప్పగలిగిన వాళ్ళు లోకంలో ముగ్గురమే, ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం. నేను చేయలేదు. బావ తన పీక తానే కోసుకోడు.

ఇక మిగిలింది అక్క.

మేడ మీద బట్టలు తీస్తోంది. నేను మేడ తలుపు మూసి అక్కకి ఎదురుగా నిలబడ్డాను.

"బావని ఎందుకు పట్టించావు?"

అక్క చేతిలోని దుప్పటి సగం మడతలో ఆగింది. "నేనా?"

"షాట్ తీసింది నువ్వు. అంచున రెండు గాట్లున్నాయి, చూశాను. నీ పేరు రాలేదని ఒళ్ళు మండింది. మండితే ఇంట్లో అరవాలి గానీ గుడ్డ అడ్డం పెట్టుకుని ఫోన్లేంటక్కా?"

అది నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు చేశావనుకున్నానే," అంది నెమ్మదిగా. "ఆ రోజు నెగటివ్ చూడలేదని అబద్ధమాడావు. నీకు అబద్ధం రాదు. అప్పట్నుంచి నిన్నే కనిపెడుతున్నాను."

ఇద్దరం దుప్పటికి చెరో వైపు నిలబడిపోయాం. ఇన్నాళ్ళూ ఒకే పళ్ళెంలో తింటూ ఒకరినొకరు కాపలా కాశామన్నమాట.

"మరి బావ నీ షాట్ ఎందుకు మింగాడు?"

"ఆయన మింగలేదు. నేను మింగించాను." దుప్పటి నా చేతిలో పెట్టి గోడకి ఆనుకుంది. "కుడికన్ను పోయిందే. మొత్తం కాదు, మధ్యలో. మొహం చూస్తే మొహం ఉండదు, చెవులుంటాయి. ఆ ఉదయమే మొదటిసారి. పెద్ద కెమెరా బిగించి కన్ను ఆనించి, పొగమంచు ఇంత చిక్కగా ఉందేంటి అన్నాడు. అంత చిక్కగా లేదు. నేను చూశానుగా. తెప్ప మీదే పెట్టెలో ఉన్న చిన్నది నాచేత తీయించి, ఎడమకన్ను పెట్టాడు. తెప్ప ఊగుతోంది, అలవాటు లేని కన్ను, ఫ్రేమ్ చేతికి రావట్లేదు. మంచు విడిపోతోంది. అటు ఆవిడ పడవెక్కేసింది. నువ్వు చూడు అన్నాడు. చూశాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబుతానన్నాడు, ఆ రోజే. నోటితో ఒక్క ముక్క అననని ఒట్టు వేయించుకున్నాను. కన్ను పోయిన కెమెరామన్‌ని ఎవరు పిలుస్తారే? ఇదే డైరెక్టరు తర్వాతి సినిమా కూడా ఆయనకే చెప్పాడు. అది చేజారితే ఆయన మంచం దిగడు. ఆ కన్ను ఇక రాదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు."

మందు సీసా, కూజా నీళ్ళు, కుడిపక్క కుర్చీ, పత్రికలో ఎడమకన్ను. నేను తిరగేసి చూసినవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ తిరగబడి కుదురుకున్నాయి.

"రేపు వాళ్ళొస్తే," అంది అక్క, "ఒకటే గాటని చెప్పు. రెండోది దుమ్మను."

"దుమ్మయితే తుడిస్తే పోవాలి కదా."

"నువ్వు చెబితే దుమ్మే. అక్కడ అంచు చదవడం వచ్చింది నీకొక్కదానికే."

నేను ఆ దుప్పటి మడతపెట్టాను.

కమిటీ నుంచి ముగ్గురొచ్చారు. అధ్యక్షురాలు పొట్టి తెల్లజుట్టు పెద్దావిడ, చేత్తో ఫిల్మ్ కోసి అతికించే కాలం నాటి ఎడిటరు. డైరెక్టరొచ్చాడు. బావా అక్కా వచ్చారు, ఆయనకి కుడిపక్కన ఆమె. మా మేనేజరు ఎవరూ అడగకుండానే అందరికీ చేతొడుగులు పంచాడు. డబ్బా వాళ్ళ ముందే తెరిచి, షాట్ మొదటినుంచి గాజు బల్ల మీద పరిచాను.

పెద్దావిడ భూతద్దం ఆనించింది. చాలాసేపు ఎత్తలేదు.

"పక్కన రెండు బొడిపెలున్నాయి. ఏంటమ్మా ఇవి?"

అక్క నన్నే చూస్తోంది. దుమ్ము అన్న మాట నా నాలుక చివరే ఉంది, చిన్న మాట, ఉమ్మేస్తే సరిపోతుంది. కింద దీపం నా చేతొడుగుల్లోంచి వేళ్ళ మధ్య ఎర్రగా కనిపిస్తోంది. ఈ బల్ల మీద నేను దుమ్ముని గీత అనలేదు, గీతని దుమ్ము అనలేదు.

"గాట్లండీ," అన్నాను. "కెమెరా గుర్తు. ఇది రెండో కెమెరా, చిన్నది."

అక్క కళ్ళు మూసుకుంది.

"అది మెకానిక్ దగ్గరుందని టీవీలో చెప్పారే," అంది పెద్దావిడ.

"ఏ కెమెరా అయితే ఏంటండీ," డైరెక్టరు అందుకున్నాడు. "షాట్ ఆయనదే. తెప్ప మీద ఆయనున్నాడు."

"కావచ్చు. నేను కాదనలేదుగా." ఆవిడ తీరిగ్గా బావ వైపు తిరిగింది. "షాట్ అద్భుతం. నాకొక్కటే బాధండీ. మధ్యలో ఆవిడ భుజం తిప్పుతుంది చూడండి, సరిగ్గా అక్కడ ఫోకస్ తప్పారు. అది ఒక్కటీ లేకపోయుంటే..."

బావ ఏమంటాడోనని చూశాను. ప్రొజెక్టర్ గదిలో కలబడ్డ మనిషి. ఇప్పుడు బల్ల ఎగిరిపడుతుందనుకున్నాను.

బావ హాయిగా నవ్వాడు. "తప్పే ఉంటుందండీ. పొగమంచు కదా, ఏదో అలా అయిపోయింది."

అలా అయిపోయిందట. ఆ మాట ఆ నోట నేను జన్మలో వినలేదు. తల తిప్పి ఆయన్ని చూశాను. ఆయన నేలవైపు చూస్తున్నాడు, పెదవి చివర బిగబట్టి, తుమ్ము ఆపుకుంటున్నవాడిలా. ఈయనకి దొరికిపోతానన్న భయం లేదు. దొరకట్లేదన్న తొందర ఉంది.

"తప్పలేదు," అంది అక్క.

పెద్దావిడ భూతద్దం కింద పెట్టింది. "ఏమ్మా?"

"ఫోకస్ తప్పలేదండీ. నేనే వదిలేశాను." మాట ఆగలేదు, వరదలా వచ్చేసింది. "ఆవిడ భుజం తిప్పగానే అందరూ మొహం కోసం చూస్తారు. ఆవిడ వెనక్కి చూడదు. ఇక చూడదని తెలియాలంటే భుజాన్ని అక్కడే వదిలేయాలి. వదిలేసి నీళ్ళ మీదికి వెళ్ళాను. అక్కణ్ణించి పడవ కనిపిస్తేగా, తెడ్డు చప్పుడు పట్టుకుని తిప్పుకుంటూ..."

ఆగిపోయింది. గాలిలో దాని కుడిచెయ్యి లేని లెన్సు చుట్టూ వేళ్ళు బిగించి, ఇంకా కొద్దికొద్దిగా తిరుగుతూనే ఉంది. అందరం ఆ చేతినే చూస్తున్నాం. అక్క కూడా చూసుకుని, గబుక్కున కొంగులో దాచుకుంది.

"నాకూ అలాగే అనిపించింది," అంది పెద్దావిడ. "తప్పినదానికీ వదిలినదానికీ తేడా నాకు తెలుసమ్మా. ఎవరికి తెలుసో చూద్దామని అడిగాను." చేతొడుగులు విప్పి జేబులోంచి కలం తీసింది. "పేరు ఎలా రాసుకోమంటావు?"

అక్క బావ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. అక్క ఏడ్చింది. ఏడుస్తూనే పేరు చెప్పింది. పెద్దావిడకి సరిగ్గా వినపడక రెండోసారి అడిగింది. అప్పుడు గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చాక అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో అసలే మాట్లాడలేదు. బావ బాల్కనీలో కూర్చుని తన నల్లసంచి దులుపుకుంటున్నాడు. వెలుగులో ఫిల్మ్ ఎక్కించడానికి వాడే సంచి అది. రెండు పొరల నల్లగుడ్డ, చేతులు దూర్చుకోవడానికి రెండు తొడుగులు. దులిపినప్పుడల్లా దాన్నుంచి నల్లటి నూగు లేచి ఎండలో తేలుతోంది.

అమ్మ ఫోను కిటికీలోనే ఉంది. తీసి చూశాను. అమ్మ ఎంత రుద్దినా మాట్లాడే చిల్లులో ఇంకా కొంత మిగిలింది.

"బావా, ఆ సంచిలో తలపెట్టి మాట్లాడితే ఊపిరాడిందా?"

"ఆడలేదు," అన్నాడు దులుపుతూనే. "అందుకే రెండు ముక్కల్లో ముగించాను."

"ఒట్టేశావట కదా."

"నా నోటితో అననని వేశాను. అనలేదు. నెగటివ్ అంది, తర్వాత మీ అక్క అంది." సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ షాట్ కింద నా పేరు చదివినప్పుడల్లా మీ అక్క చప్పట్లు కొడుతుంటే చూళ్ళేకపోయాను. అసలే సగం కన్ను."

లోపలినుంచి గిన్నె ఒకటి గట్టిగా మోగింది. అక్క వింటోంది.

"ఎంత మోసం," అంది లోపల్నుంచే.

"రావే, కుడిపక్క కుర్చీ ఖాళీగా ఉంది," అన్నాడు బావ.

వెంటనే రాలేదు. వచ్చింది.

అవార్డు వేరే షాట్‌కి వెళ్ళింది. వేదిక మీద తెర నిండా పడవ పడినప్పుడు కింద అక్క పేరొక్కటే ఉంది. దాన్ని అమ్మ ఫోనులో ఫోటో తీసింది, అదీ మసగ్గా వచ్చింది. డైరెక్టరు తర్వాతి సినిమా నిర్మాత మాత్రం అక్క అన్నట్టే చేశాడు. బావ కన్ను సంగతి తెలియగానే మాట వెనక్కి తీసుకున్నాడు. బావ కొన్నాళ్ళు నిజంగానే మంచం దిగలేదు. ఆ రోజుల్లో అక్క నన్ను చూసే చూపులో, నువ్వు దుమ్మని ఉంటే, అన్న మాట కనిపించేది. డైరెక్టరు పట్టు విడవలేదు. ఇంకో నిర్మాతని వెతికి పట్టుకొచ్చాడు. కెమెరా దగ్గర అక్క, దీపాల దగ్గర బావ. వెలుగు ఎంతుందో అరచెయ్యి చాపి చెప్పగలడాయన, దానికి కన్ను నడిమధ్య అక్కర్లేదు.

వాళ్ళు బయల్దేరే ముందు అక్క తన కోసం ఒక పాత కెమెరా తెచ్చుకుంది. బావ దాని గేటు విప్పించి భోజనాల బల్ల మీద పెట్టమన్నాడు. అక్క కదలకుండా పట్టుకుంది. ఆయన రెండు కళ్ళూ మూసుకుని బొటనవేలి గోటితో అంచు తడుముకుంటూ, ఆకురాయి ఒక్కో లాగు లాగుతూ మధ్యలో ఊదుకుంటూ కూర్చున్నాడు. అమ్మ కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు అరిచింది.

ఎండలు ముదిరాక వాళ్ళ మొదటి డబ్బా నా బల్ల మీదికొచ్చింది. గీతలు లేవు. అయినా అంచు చూశాను. మూడు బొడిపెలు, వరసగా, మూడోది కొంచెం వంకర.

చేతొడుగుతో తుడిచాను. దుమ్ము కాదు.